రేగు చెట్టు కింద తవ్వడానికి అనుమతి

బ్రెడింగ్‌హామ్‌లో లెన్ కెరిడ్జ్‌ని ఎరగనివాళ్లు లేరు. ఇంగ్లండులోని మా కౌంటీ రోడ్ల శాఖలో నలభై ఏళ్లు రోడ్ల మీద గుంతలు పూడ్చాడు. సెలవు దొరికితే చాలు, భూమిలో లోహం ఉంటే కూత పెట్టే డిటెక్టరు పట్టుకుని పోయి జనం పెరళ్లలో గుంతలు తవ్వేవాడు. "వారమంతా పూడ్చింది చాలక ఆదివారం తవ్వకమా, మహానుభావా" అని వాళ్లావిడ బెరిల్ దెప్పేది. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, తవ్విన చోట గడ్డిచెక్క మళ్లీ అతికించి, నీళ్లు చల్లి మరీ వచ్చేవాడాయన. వారం తిరిగాక ఎక్కడ తవ్వాడో చూపించమంటే ఇంటివాళ్లకే ఆనవాలు దొరికేది కాదు.

పొలాలు అడగడం పెద్ద పనేం కాదు. ఒక్క రైతుని మంచి చేసుకుంటే వంద ఎకరాలు చేతికొస్తాయి. ఇంటి పెరడు అలా కాదు. గుమ్మంలో ముక్కూమొహం తెలియనివాడు నిలబడి "మీ గడ్డి కొయ్యనిస్తారా" అంటే ఎవరిస్తారు? లెన్‌కి ఇచ్చేవాళ్లు. పదిన్నరకి వెళ్లేవాడు, కెటిల్ పొయ్యి మీదుండే వేళకి. బూట్లు తుడుచుకుని, టోపీ తీసి, తలుపు కొట్టి, రెండడుగులు వెనక్కి వేసి నిలబడేవాడు. డిటెక్టరు కారులోనే ఉండేది. "నన్ను పెళ్లికి అడగడానికి కూడా నువ్వింత తయారవలేదు" అనేది బెరిల్. "నువ్వు కాదనవని తెలుసుగా" అనేవాడు లెన్.

అడక్కుండా చీకట్లో దూరే బాపతు వాళ్లు కొందరున్నారు ఈ డిటెక్టరు వాళ్లలో. వాళ్ల పేరెత్తితే ఆయనకి ఒళ్లు మండేది. వాళ్లకంటే, అబద్ధం చెప్పి అనుమతి పుచ్చుకునేవాళ్లంటే ఇంకా మంట. ఎందుకు తవ్వుతున్నావో ఉన్నదున్నట్టు చెప్పు, ఇస్తే తవ్వు, లేదంటే టోపీ పెట్టుకుని వచ్చెయ్యి. ఆయన బతుకంతా ఆ ఒక్క మాట మీదే నడిచింది. నాకైతే అంత నిక్కచ్చితనం చాదస్తంగా కనిపించేది, కానీ ఆయన అంతే.

ఆయన తల్లి ఐవీకి తొంభై ఒకటి. ఊరి చివర వృద్ధుల ఇంట్లో ఉండేది. కళ్లు మందగించినా నోరు మందగించలేదు. లెన్ రోజూ సాయంత్రం నాలుగింటికి వెళ్లి ఆమెతో టీ తాగి వచ్చేవాడు. అక్టోబరులో ఒకరోజు ఆమె టీ ముట్టుకోలేదు.

"తలుపేసి రారా" అంది.

వేసి వచ్చాడు.

"నీకు ముందు నాకొకడు పుట్టాడు."

లెన్ కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు.

"ప్రాణం లేకుండా పుట్టాడు. మనం ఉండే ఆ పొలం కాటేజీలోనే, పై గదిలో. నాకు చూపించనైనా లేదు. మంత్రసాని తువ్వాల్లో చుట్టి మీ నాన్న చేతికిచ్చింది. ఆ రోజుల్లో అంతే. శవపేటికలు చేసే ఆయనకి అప్పజెప్పేవాళ్లు. ఆ వారం ఊళ్లో ఎవరు పోతే వాళ్ల పెట్టెలో కాళ్ల దగ్గర పెట్టి పూడ్చేవాడు. ఎవరి పెట్టో అడక్కూడదు. మర్చిపో అన్నారు, ఇంకొకడు పుడతాడన్నారు. పుట్టావులే నువ్వు, నాలుగేళ్లకి."

ఆమె కాసేపు ఊపిరి తీసుకుంది.

"ఆ వారమే నా రొట్టెల డబ్బా కనపడలేదు. తెల్ల ఎనామిల్ పూసిన ఇనప డబ్బా, మా అమ్మ ఇచ్చింది. ఇల్లంతా వెతికాను. పొలానికి పట్టుకెళ్లి ఎక్కడో మర్చిపోయానన్నాడు మీ నాన్న. ఎంత సతాయించాననుకున్నావు ఆయన్ని. ఏళ్ల తరబడి, ఏ చిన్న గొడవొచ్చినా ఆ డబ్బా దగ్గరికే పోయేదాన్ని. ఒక్కనాడు ఎదురు చెప్పలేదు. పోయే ముందు రోజు చెప్పాడు, వాణ్ని పరాయివాళ్ల పెట్టెలో పెట్టడానికి మనసొప్పలేదట. వెనకాల రేగు చెట్టు కింద పెట్టాడట, ఆ డబ్బాలో."

ఇంగ్లండు రేగు అంటే మీరెరిగిన రేగు కాదు, నల్లగా గుండ్రంగా కాసే ప్లమ్ లాంటిది, జామ్‌కి బాగుంటుంది. ఆ చెట్టు కింద లెన్ చిన్నతనమంతా గడిచింది. కొమ్మలెక్కి కాయలు కోసేవాడు. వాళ్ల నాన్న ఆంబ్రోస్ మాత్రం ఆ కాయ ఒక్కటీ నోట పెట్టలేదు. పులుపనేవాడు.

"నేను పోతే నా పక్కన పెట్టరా వాణ్ని" అంది ఐవీ. "ఒక పక్క మీ నాన్న ఉన్నాడు. ఇంకో పక్క వాడు. నువ్వు అడిగితే కాదనరుగా ఎవరూ. అడుగు."

"అడుగుతానమ్మా" అన్నాడు లెన్.

ఆయన మొహం పాలిపోయింది. తల్లి కళ్లకి ఆనలేదు కానీ, టీ కప్పులు తీసుకుపోను వచ్చిన అమ్మాయి చూసింది, ఒంట్లో బాగాలేదా అని అడిగింది కూడా. దానికి కారణముంది. ఇరవై రెండేళ్ల కిందట లెన్ ఆ పెరడు తవ్వాడు.

ఆ ఇల్లు ఆంబ్రోస్ పనిచేసిన పొలం రైతుది. ఆంబ్రోస్ నడుం పడిపోయి పొలం పని మానేశాక కెరిడ్జ్‌లు ఖాళీ చేయాల్సొచ్చింది. తర్వాత అది అమ్ముడుపోయి బోరెట్ అనే పెద్దాయన చేతికొచ్చింది. లెన్ ఆయన్ని అడిగి, ఒక ఎండాకాలం ఆదివారం పెరడంతా డిటెక్టరు తిప్పాడు. ఈ పనిలో ఉన్నవాళ్లందరూ చేసేదే ఆయనా చేశాడు, ఇనుమును మూసేశాడు. పాత పెరట్లో మేకులు, లాడాలు, గొలుసు ముక్కలు లెక్కలేనన్ని ఉంటాయి. అన్నిటికీ కూత వింటూ కూచుంటే తెల్లారిపోతుంది. అందుకే మీట తిప్పి ఇనుము కూత నొక్కేస్తారు, వెండీ రాగీ మాత్రమే పలుకుతాయి. ఆ రేగు చెట్టు కింద మాత్రం ఇనుము కూత నొక్కేసినా అణగకుండా డిటెక్టరు బొంగురుగా గరగరలాడింది. పెద్ద ఇనుమే. ఏదో పాత బకెట్టనుకున్నాడు. అటు తిప్పితే గర, ఇటు తిప్పితే గర. విసుక్కుని అవతలికి పోయాడు. అరడజను పాత పెన్నీ నాణేలు, ఒక వెండి గుండీ దొరికితే తెచ్చి తల్లికి చూపించాడు. అప్పటికే ఆంబ్రోస్ పోయాడు.

"ఇంకేం దొరకలేదా" అని రెండుసార్లు అడిగిందామె ఆ రోజు.

"ఏముందమ్మా, అంతా ఇనుమే" అన్నాడు.

ఆ మాట ఇప్పుడు ఆయన్ని కూచోనివ్వలేదు. ఇంటికొచ్చి బెరిల్‌తో మొత్తం చెప్పాడు. ఆవిడ కళ్లొత్తుకుని, "నిజం చెప్పకు లెన్" అంది. "ఇప్పుడా ఇంట్లో వేరే వాళ్లున్నారు. మీ పెరట్లో మా అన్న శవముందంటే ఎవరు రానిస్తారు? నేనక్కడ పెరిగాను, చిన్నప్పుడు పారేసుకున్నదేదో వెతుక్కుంటానను. అదీ అబద్ధం కాదుగా."

"అబద్ధమే" అన్నాడు లెన్.

మర్నాడు పదిన్నరకి తలుపు కొట్టాడు. తీసినామె పేరు జోస్లిన్ ఆల్డస్, నలభై ఉంటాయి, పిల్లలకి పియానో నేర్పుతుంది. ఆయన రెండడుగులు వెనక్కి వేసి నిలబడి, టోపీ చేతిలో నలుపుకుంటూ, ఉన్నదున్నట్టు చెప్పాడు. దొరికితే తాను ముట్టననీ, పోలీసులకి చెప్పి వాళ్లు తియ్యమన్నాకే తీస్తాననీ, కుదరదంటే మళ్లీ ఈ గడప తొక్కననీ చెప్పాడు. ఆవిడ మొత్తం విని తలుపు బార్లా తీసింది.

"లోపలికి రండి. అనుమతి అడగాలా దీనికి" అంది.

వెనకవైపు వంటింట్లో కూచోబెట్టి కెటిల్ పెట్టింది. వెలుతురు బాగా వచ్చే పెద్ద గది, గోడంతా అద్దాలు. పాత ఇంటికి కొత్తగా కలిపి కట్టింది. లెన్ అద్దాల్లోంచి పెరట్లోకి చూశాడు. పాత ఇటుక గోడ ఉంది, దాని పక్క చేతిపంపు మొండెం ఉంది. చెట్టు లేదు. మనసులోనే అడుగులు లెక్కబెట్టాడు, పాత వెనక గుమ్మం నుంచి పదహారు, పంపు నుంచి తొమ్మిది. మళ్లీ లెక్కబెట్టాడు. చెట్టున్న చోటు తాను కూచున్న కుర్చీ కిందే.

"ఇది కట్టి ఎన్నేళ్లయిందమ్మా?" అన్నాడు.

ఆవిడకి అప్పుడు అర్థమైంది. చేతిలో పాల జగ్గు అలాగే పట్టుకుని నిలబడిపోయింది.

"తొమ్మిదేళ్లు" అంది. "చెట్టు నేను రాకముందే లేదండీ. పునాదికి మనిషి లోతు తవ్వారు. మట్టంతా లారీల్లో తీసుకుపోయారు."

"ఎక్కడికి?"

"తెలీదు. ఎక్కడ పోశారో నాకు తెలీదు." ఆవిడ జగ్గు కింద పెట్టి ఎదురుగా కూచుంది. "మేస్త్రీ నన్ను పిలిచాడు ఒకరోజు. పాత డబ్బా ఏదో వచ్చిందమ్మా, తుప్పు పట్టి మూత అతుక్కుపోయింది, మొక్కలు వేసుకుంటావా అన్నాడు. నాకప్పుడు ఫోనులో ఎవరో ఉన్నారు. చూడను కూడా చూడలేదు. పారెయ్యమని చేత్తో సైగ చేశాను."

ఆవిడ ఏడుస్తోంది. ఎంత కష్టమొచ్చినా పైకి ఏడవని జాతి మాది, ఏడిస్తే పక్కవాడు కిటికీలోంచి బయటికి చూస్తాడు. లెన్ అలా చూడలేదు. చెయ్యి చాపి ఆవిడ చేతి మీద వేశాడు.

"మీదేం తప్పు లేదమ్మా. మీకు తెలీదు. నేను చేతిలో డిటెక్టరు పెట్టుకుని వాడి మీదే అటూ ఇటూ నడిచాను. అది నాకు చెప్పింది కూడా. నేనే వినిపించుకోలేదు."

"నేల పగలగొట్టిస్తాను" అందావిడ. "ఎక్కడ కావాలంటే అక్కడ తవ్వండి."

"ఇంకేముందమ్మా తవ్వడానికి" అని ఆయన లేచాడు. టీ అలాగే చల్లారిపోయింది.

నాలుగింటికి ఐవీ మంచి నీలం కార్డిగన్ వేసుకుని, జుట్టు దువ్వించుకుని ఎదురు చూస్తోంది.

"ఇచ్చారా?"

దారంతా ఆయన ఆ ఒక్క జవాబే వల్లించుకున్నాడు. నిజం నాలిక చివరదాకా వచ్చింది. వాణ్ని చెత్త లారీలో తీసుకుపోయారమ్మా అని తొంభై ఒక్కేళ్ల తల్లికి ఏ కొడుకు చెప్పగలడు? బతికినన్నాళ్లూ చెప్పని అబద్ధం ఆ పూట చెప్పాడు లెన్.

"ఇవ్వలేదమ్మా."

"నువ్వు అడిగినా?"

"నేనడిగినా."

"బూట్లు తుడుచుకున్నావా?"

"తుడుచుకున్నాను."

ఆమె కార్డిగన్ పై గుండీ విప్పుకుంది. "చెట్టుందా?"

"ఉంది."

"కాసిందా?"

"కాసిందమ్మా. కింద రాలి ఉన్నాయి." ఒక అబద్ధానికి ఎన్ని కావాలో ఆయనకి అప్పుడు తెలిసొచ్చింది.

ఆ తర్వాత వారమంతా ఐవీ ఆ ఇంటావిణ్ని ఆడిపోసుకుంది. రాతి గుండె అంది, తల్లయితే తెలిసేదంది, టీ తెచ్చే అమ్మాయిలందరికీ చెప్పింది. లెన్ తల దించుకుని వినేవాడు. ఏ పాపం ఎరగని మనిషి మీద నింద పడుతుంటే నోరు కట్టేసుకుని కూచోవడం ఆయనకి ప్రాణం మీదికొచ్చినట్టుండేది.

ఆదివారం నాడు తలుపు తట్టి జోస్లిన్ ఆల్డస్ లోపలికొచ్చింది. చేతిలో డేలియా పూలు. నిద్ర లేక కళ్లు ఉబ్బిపోయి ఉన్నాయి. పెద్దామె కాళ్ల దగ్గర కూచుని క్షమించమని అడగడానికొచ్చింది పాపం. లెన్ కుర్చీలోంచి సగం లేచి ఆగిపోయాడు.

"ఎవరు?" అంది ఐవీ.

"మీ పాత ఇంట్లో ఉంటానండీ. జోస్లిన్‌ని."

ఐవీ మొహం గట్టిపడింది. "నువ్వేనా? మావాణ్ని తవ్వనివ్వనన్నది?"

జోస్లిన్ లెన్ వంక చూసింది. ఆయన తల అడ్డంగా ఊపాడు, బతిమాలుతున్నట్టు. ఆయన జీవితంలో ఎన్నో గుమ్మాల ముందు నిలబడి అడిగాడు కానీ, ఇలాంటిది ఎవర్నీ అడగలేదు. ఆవిడ ఆయన్నే చూస్తూ నిలబడింది. తర్వాత పూలు మంచం మీద పెట్టి, ఐవీ పక్కన మోకాళ్ల మీద కూచుంది.

"అవునండీ" అంది. "నేనే. ఇవ్వలేదు."

"ఎందుకివ్వలేదు?"

"ఆ చెట్టు దగ్గర నేల కదిలించడం నాకిష్టం లేకపోయింది. ఎవర్నీ తవ్వనివ్వను."

ఐవీ మొహంలో కోపం కొద్దికొద్దిగా సడలింది. చేత్తో తడుముకుంటూ జోస్లిన్ చెయ్యి వెతికి పట్టుకుంది.

"ఎవర్నీ ముట్టనివ్వవా?"

"ముట్టనివ్వను."

"అయితే మంచిదే" అంది ఐవీ. "నేను బతికున్నన్నాళ్లు అలాగే ఉంచు తల్లీ. నేను పోయాక వీడు మళ్లీ వస్తాడు, అడగడానికి. అప్పుడు మాత్రం కాదనకు."

"అననండీ" అంది జోస్లిన్. "ఎప్పుడొచ్చినా ఇస్తాను."

ఐవీ తృప్తిగా తల ఊపి, మరి టీ ఇవ్వరా ఆ అమ్మాయికి అంది కొడుకుతో. లెన్ లేచి కప్పు కోసం వెళ్లాడు.