తోడల్లుడు తీసిన ఫోటో

పొద్దున్నే కాఫీ తాగుతూ ఫోన్ చేతిలోకి తీసుకున్నానో లేదో, అది తనంతట తానే ఒక పాత ఫోటో బయటికి లాగి, కొన్నేళ్ళ కిందట ఇదే రోజు అంటూ నా ముందు పెట్టింది. అడగనివాళ్ళకు జ్ఞాపకాలు వడ్డించే ఈ అలవాటు ఫోన్లకు ఎవరు నేర్పారో తెలియదు. ఫోటోలో మా అత్తగారు. పట్టుచీర కట్టుకుని, చిలకలపూడి గిల్టు గొలుసు వేసుకుని, కుర్చీలో బిగుసుకుపోయి కూర్చున్నారు. కళ్ళజోడు అద్దాల్లో కళ్ళు లేవు. వాటికి బదులు రెండు తెల్లటి వలయాలు, మినపగారెల్లా మధ్యలో చిల్లుతో సహా ఉన్నాయి. ముక్కు ఉండాల్సినదానికన్నా పెద్దదై మెరుస్తోంది. ఒక బుగ్గ పసుపు, ఒక బుగ్గ నీలం. మెడకు గోడ రంగు అంటుకుని లేతాకుపచ్చగా ఉంది. ఆ ఫోటో తీసింది నేనే. భుజం మీదుగా తొంగిచూసిన మా ఆవిడ, "ఇంకా ఉంచారా దాన్ని" అని నవ్వుకుంటూ వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆ నవ్వు వెనకాల గుడివాడలో ఉన్న మా తోడల్లుడు నిలబడి ఉన్నట్టే తోచింది నాకు.

మా అత్తగారిది దివిసీమ, నాగాయలంక దగ్గర ఒక పల్లె. కొడుకుల్లేరు, ఇద్దరే కూతుళ్ళు. పెద్దమ్మాయి మా ఆవిడ. చిన్నమ్మాయిని గుడివాడలో ఒక పళ్ళ డాక్టరుకిచ్చారు. అత్తగారు చాలాకాలంగా బందరులో మా దగ్గరే ఉంటున్నారు. నడివయసులో ఆవిడ ముఖానికి బొల్లి మచ్చలొచ్చాయి. నుదుటి మీద ఒకటి, గడ్డం పక్కనుంచి మెడ దాకా పాకినది ఇంకొకటి. అప్పట్నుంచీ ఆవిడ ఏ కెమెరాకూ దొరకలేదు. పెళ్ళిళ్ళలో ఫోటోగ్రాఫరు అందర్నీ వరసగా నిలబెట్టే వేళకు సరిగ్గా ఆవిడకు వంటల దగ్గర ఏదో పని గుర్తొచ్చేది. మా పెళ్ళి ఆల్బంలో ఒకచోట ఆవిడ కొంగు కనిపిస్తుంది, మనిషి కనిపించదు. మా పిల్లలు చిన్నప్పుడు "అమ్మమ్మ ఎక్కడుందో కనిపెట్టు" అని ఆ ఆల్బంతో ఆట కూడా ఆడేవాళ్ళు.

అలాంటి మనిషి ఒక మధ్యాహ్నం మావగారి ఫోటో తుడుస్తూ నన్ను పిలిచారు. ఆ ఫోటో గురించి ఒక మాట చెప్పాలి. దివిసీమ ఉప్పెనలో వాళ్ళింట్లో ఫోటోలన్నీ పోయాయి. మావగారు ఆ తరవాత కొద్ది ఏళ్ళకే జబ్బుచేసి పోయారు. చివరికి చల్లపల్లిలో చుట్టాలింట్లో దొరికిన ఒక పెళ్ళి గ్రూపు ఫోటోలోంచి ఆయన్ను విడదీసి పెద్దది చేయించారు. ఎంత జాగ్రత్తగా విడదీసినా, ఆయన భుజం మీద ఎవరిదో చెయ్యి మిగిలిపోయింది. ఉంగరం పెట్టుకున్న ఆ చెయ్యి ఎవరిదో ఇప్పటికీ తేలలేదు.

"చూడవయ్యా," అన్నారు అత్తగారు, "ఇన్నేళ్ళుగా ఎవడిదో చెయ్యి మోస్తున్నారు పాపం. రేపు నా పనీ అంతే. ఏ గుంపులోంచో కోసి గోడకి తగిలిస్తారు. నాదంటూ ఒక ఫోటో తియ్యి."

అంతకుముందు ఎవరడిగినా ముఖం తిప్పేసుకున్న మనిషి, నన్ను పిలిచి అడిగారు. గుడివాడకు ఫోన్ చెయ్యలేదు. ఆ గర్వంతో నాకు ఆ పూట అన్నం సరిగ్గా సయించలేదు.

గుడివాడ మాట ఎందుకంటున్నానంటే, మా కుటుంబంలో ఫోటోలంటే మా తోడల్లుడే. క్లినిక్ మూసేసి ఇంటికొచ్చాక అతనికి ఇంట్లోవాళ్ళ ముఖాలు ఫోటో తీయడమే పని. నోట్లోకి దీపం వేసి చూసే ఉద్యోగం కావడం వల్లనో ఏమో, వెలుతురు మనిషి మీద ఎలా పడుతుందో అతనికి తెలుసు. చుట్టాల్లో సగం మంది ఫోన్లలో డీపీలు అతను తీసినవే. పెళ్ళి సంబంధాలకు పంపే ఫోటోల కోసం ఆడపిల్లల్ని వెంటబెట్టుకుని అవనిగడ్డ నుంచి కూడా వచ్చేవాళ్ళు. మా ఆవిడ రోజూ ఫోన్ నా ముందుకు చాపి, "మా మరిదిగారు మా చెల్లిని ఎంత బాగా తీశారో చూడండి" అనేది. చూసేవాణ్ణి. నిజంగానే బాగుండేవి. అదే నాకు మింగుడుపడని సంగతి. బాగాలేకపోతే మెచ్చుకోవడానికి నాకేమీ అభ్యంతరం ఉండేది కాదు. ఒక్కోసారి ఫోటోను పెద్దది చేసి, మూలమూలలా వెతికి, "ఇక్కడ చెవి కాస్త మసకగా ఉంది" అనేవాణ్ణి. మా ఆవిడ ఆ చెవిని చూసేది కాదు, నన్ను చూసేది.

ఇక నా ఏర్పాట్లు. నేను కరెంటు డిపార్టుమెంటులో పనిచేసి రిటైరైనవాణ్ణి. వెలుతురు ఎంత ఎక్కువైతే అంత మంచిదన్నది నా నమ్మకం. అందుకని గుండ్రంగా వలయంలా వెలిగే రింగు లైటు ఒకటి కొన్నాను. గొడుగులున్న దీపాలు రెండు తెప్పించాను. విజయవాడ వెళ్ళి సెకండ్ హ్యాండు కెమెరా ఒకటి తెచ్చాను. బందరు గాలికి లెన్సులకు బూజు పడుతుందని ఎవరో భయపెడితే దాన్ని బియ్యం డ్రమ్ములో దాచాను; మా ఆవిడ అన్నం వండబోయినప్పుడల్లా కెమెరాను పక్కకు జరిపి బియ్యం తీసుకునేది. వారం రోజులు వీడియోలు చూశాను. ఒక ఆదివారం హాల్లో కుర్చీ వేసి, ట్యూబులైట్లు, బల్బు, రింగు లైటు, గొడుగు దీపాలు అన్నీ వెలిగించి, అత్తగారిని కూర్చోబెట్టి, ముఖం బాగా కనబడాలని కెమెరాతో మరీ దగ్గరకు వెళ్ళి తీశాను.

వచ్చినదేమిటో ఇప్పటికే చెప్పాను. కానీ నేను అక్కడితో ఆగలేదు. ఫోటోను ఫోన్లోకి ఎక్కించి, ముఖాలు నున్నగా చేసే ఒక యాప్‌లో పెట్టి, వలయాలు చెరిపాను, రంగులు సరిచేశాను, ఆ ఊపులో మచ్చలు కూడా తీసేశాను. ముడతలు సగం పోయాయి. ముచ్చటపడి ప్రింటు తీయించి అత్తగారి చేతిలో పెట్టాను. ఆవిడ దాన్ని వెలుతురుకు పట్టి చాలాసేపు చూశారు.

"బాగుంది. ఎవరీవిడ?" అన్నారు.

"మీరేనండి."

"నేనా?" ఇంకోసారి చూసి, ప్రింటు నాకు తిరిగిచ్చేశారు. "ఎంత ఓపిగ్గా చేశావయ్యా" అన్నారు. తిట్టినా అంత బాధపడేవాణ్ణి కాదు. తరవాత కూరలు తరుక్కుంటూ తలెత్తకుండా మా ఆవిడతో, "ఒకసారి చిన్నల్లుడుగారిని రమ్మంటే వస్తారంటావా?" అన్నారు.

ఉండేది మా ఇంట్లో, తినేది మా ఇంట్లో, మోకాళ్ళ నొప్పులకు డాక్టరు దగ్గరకు తిప్పేది నేను. ఫోటోకు మాత్రం గుడివాడ కావాలి. నాలుగు రోజులు గొడుగు దీపాల వైపు చూడలేదు.

అతను ఒక సెలవునాడు పొద్దున వచ్చాడు. ఒక కెమెరా, దానికో పొడుగాటి లెన్సు, అంతే. నేను దీపాలన్నీ ముందే అమర్చి ఉంచాను. అతను వాటిని మర్యాదగా చూసి, "మంచివి కొన్నారన్నయ్యగారూ" అని, ఒక్కొక్క స్విచ్చీ ఆపుకుంటూ వెళ్ళాడు. తరవాత ఇల్లంతా తిరిగి, మేము పరుపులూ దుప్పట్లూ పడేసే చిన్న గదిలో ఆగాడు. దానికి ఉత్తరం వైపు ఒక కిటికీ ఉంది. ఇన్నేళ్ళలో నేను ఆ కిటికీని దుమ్ము వచ్చే దారిగానే చూశాను. అతను దాని పక్కనే కుర్చీ వేయించాడు. వెనక ఆకుపచ్చ గోడ కనబడకుండా బూడిదరంగు రగ్గు వేలాడదీశాడు.

"ట్యూబులైటుదొక రంగు, బల్బుదొక రంగు, కిటికీదొక రంగు అండీ," అన్నాడు నాతో. "అన్నీ కలిస్తే ముఖం దేన్ని పట్టుకోవాలో తెలీదు. ఒక్కటే ఉంచుదాం."

పట్టుచీరతో సిద్ధమైన అత్తగారిని చూసి, మెరిసే చీరైతే చూపంతా చీర మీదికే పోతుందని, నూలు చీర ఏదైనా ఉందా అని అడిగాడు. పెడన నుంచి తెచ్చుకున్న నీలం కలంకారీ చీర ఒకటి తీశారావిడ. గొలుసు కూడా తీసేయమన్నాడు. మచ్చల సంగతి ఆవిడ అడగలేదు, అతనే చెప్పాడు. "తెల్లగా ఉన్నచోట వెలుతురు మరీ ఎక్కువైతే అక్కడ చర్మం కనపడదండీ, సున్నం కొట్టినట్టుంటుంది. దాన్ని చూసుకునే కెమెరాలో వెలుతురు కొలత పెడతాను. అన్నీ ఉన్నట్టే వస్తాయి." ఆవిడ తలూపారు. అప్పుడు అతను గదికి అవతలి చివరకు వెళ్ళి నిలబడ్డాడు. దగ్గరగా తీస్తే ముక్కు ఉబ్బుతుందట. నాకెవరూ చెప్పలేదు. చెప్పినా అతను చెప్పాడు కాబట్టి వినేవాణ్ణి కాదేమో.

తీయడం మొదలుపెట్టాడు. అత్తగారు మాత్రం కర్రలా కూర్చున్నారు. చిన్నల్లుడు ఎదురుగా ఉంటే ఆవిడ ఎప్పుడూ కొంగు సర్దుకుని, ఒద్దికగా, పరాయి ఇంట్లో ఉన్నట్టుంటారు. "కాస్త తేలిగ్గా కూర్చోండత్తయ్యగారూ" అంటే, "అలాగే బాబుగారూ" అని ఇంకా బిగుసుకున్నారు. నాకు లోపల సంతోషంగా ఉంది, అబద్ధమెందుకు. ఇతని వల్లా కాదన్నమాట అనుకున్నాను.

ముఖానికి కిటికీ లేని వైపు నీడ ఎక్కువగా ఉందని, వెలుతురును అటు తిప్పికొట్టడానికి ఒక తెల్లపంచె తెమ్మన్నాడు. దాన్ని చాపి ఆ పక్కన పట్టుకోవడానికి ఒక మనిషి కావాలి. మా ఆవిడ నా వైపు చూసింది. నా తోడల్లుడు ఫోటో తీస్తుంటే నా పంచె నేనే పట్టుకుని బట్టలారేసే తీగలా నిలబడ్డాను. కాస్త ఎత్తండి అన్నాడు, ఎత్తాను. కాస్త ముందుకన్నాడు, జరిగాను. భుజాలు లాగేస్తున్నాయి. ఇంతలో పంచె ఒక చివర జారి నా తల మీద ముసుగులా పడింది.

"ఏవయ్యా, పొద్దున తిన్న ఇడ్లీలేమయ్యాయి?" అన్నారు అత్తగారు. "గుడ్డ పట్టుకోమంటే ముసుగేసుకుంటావేం? సరిగ్గా నిలబడు. వీపు చూడు ఎలా వంచావో, రాత్రంతా ఆ ఫోను చూడద్దంటే వినవు." అంటూనే నవ్వేశారు. కెమెరా చప్పుడైంది.

ఆ ఫోటో మా టీవీ పక్కన ఉంది. నీలం చీర, వెనక మసక బూడిదరంగు, ఒక పక్కనుంచి మెత్తగా పడిన వెలుతురు. నుదుటి మచ్చ, గడ్డం మచ్చ అన్నీ ఉన్నాయి, వాటి కింద చర్మపు గీతలతో సహా. కోపానికీ నవ్వుకూ మధ్య ఎక్కడో ఆగిన ముఖం. ప్రింటు చేతికిచ్చిన రోజు ఆవిడ వేలితో గడ్డం దగ్గర మచ్చ మీద రాసి చూసుకున్నారు. "నేనే," అన్నారు. ఆ తరవాత మా ఇంటికి ఎవరొచ్చినా, పాలవాడికి కూడా, "మా చిన్నల్లుడుగారు తీశారు" అని చూపించారు. చుట్టాలందరూ అతనికి ఫోన్లు చేశారు. పంచె మాట ఎవరూ ఎత్తలేదు. నేను ఎత్తబోతే మా ఆవిడ కాఫీ కావాలా అని అడిగింది.

కొన్ని నెలల తరవాత నాకు దవడ పన్ను నొప్పి మొదలైంది. బందరులో పళ్ళ డాక్టర్లు లేక కాదు, తోడల్లుణ్ణి కాదని ఇంకొకరి దగ్గరకు వెళ్తే మా ఆవిడ ఊరుకోదు. గుడివాడ బస్సెక్కాను. క్లినిక్కులో అతని కుర్చీకి ఎదురుగా అదే ఫోటో, మాదానికంటే పెద్దది. ఒళ్ళు మండింది. ఇంజెక్షను ఇచ్చి, నోరు తెరిపించి, దూది కుక్కి, మందు పట్టేదాకా ఆగుదామని అతను స్టూలు మీద కూర్చున్నాడు. ఫోటో వైపు చూస్తూ, "ఆ రోజు చాలా తీశాను అన్నయ్యగారూ," అన్నాడు. "అన్నిట్లోనూ నా వంకే చూశారు. ఒక్కటీ పనికిరాలేదు. ఈ ఒక్కదాంట్లో నా వంక చూడలేదు, మీ వంక చూశారు. వచ్చిందిదే."

నోట్లో దూది. ఫోటో వైపు మళ్ళీ చూశాను.

"మా ఇంటికొస్తే చుట్టపుచూపుగా ఉంటారండీ. నేను గదిలోకొస్తే లేచి నిలబడతారు. అలా నిలబడినప్పుడల్లా నాకు మీ ఇల్లు గుర్తొస్తుంది. మా అమ్మ నా చిన్నప్పుడే పోయింది కదా. ఏవయ్యా అని ఒక్కసారి పిలవరేమో అని చాలా ఏళ్ళు చూశాను. ఇదిగో, మిమ్మల్ని తిడుతున్న ఫోటో పెట్టుకుని రోజూ చూసుకుంటున్నాను." కొంచెం నవ్వి, లైటు నా ముఖం మీదికి తిప్పాడు. "పెద్దగా తెరవండి."

తిరుగు బస్సులో బుగ్గ మొద్దుబారి, కిటికీ పక్కన కూర్చుని ఆలోచించాను. అతని మీద కుళ్ళు పోయిందా అంటే పోలేదు. ఫోటోలు ఇప్పటికీ అతనే బాగా తీస్తాడు, అది ఇప్పటికీ గుచ్చుకుంటుంది. కానీ నన్ను చూసి కూడా ఒకడు ఇన్నేళ్ళుగా అలాగే కుళ్ళుకుంటున్నాడన్న సంగతి తెలిశాక, మునుపటంత గట్టిగా కుళ్ళుకోవడం చేతకావడం లేదు. ఇంటికెళ్ళేసరికి అత్తగారు వరండాలో ఉన్నారు. చూపు బాగా తగ్గింది, అడుగుల చప్పుడుతోనే పోల్చుకుంటున్నారు. కుర్చీలోంచి లేవడానికి గోడ పట్టుకుంటున్నారు. అదెప్పట్నుంచో నేను గమనించనే లేదు. ఒకరికున్నదాని మీద ఒకరం కన్నేసి అల్లుళ్ళిద్దరం అన్నేళ్ళు గడిపాం; మనం పక్కవాళ్ళ వైపు చూస్తుండగానే ఎదురుగా ఉన్న మనిషికి వయసు పైబడిపోతుంది, కాలం ఎప్పుడొచ్చి వెళ్ళిందో ఎవరికీ తెలియదు.