తెలుగులో రాసిన క్షమాపణ

బిలాస్‌పూర్‌లో మా వ్యాగన్ షెడ్ ఆఫీసు గుమాస్తాగా నేను చాలా తగాదాలు కోర్టు గడప తొక్కకుండా తీర్చాను. ఒకరి మాట ఇంకొకరికి చేరవేసేటప్పుడు దానికి కాస్త నునుపు పెట్టడమే నా విద్య. తొంభైల మొదట్లో జరిగిన ఒక తగాదా మాత్రం నా విద్యతో తీరలేదు.

మా షెడ్‌లో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన ముసలి ఫిట్టరు ఉండేవాడు. రిటైరు కావడానికి ఇంకో ఏడాది ఉంది. కొత్తగా వచ్చిన సూపర్‌వైజరు, ఆయనతో కలిసి పనిచేసి చనిపోయిన ఇంకో ఫిట్టరు కొడుకే. ఇక్కడే తార్‌బహార్ పేటలో పుట్టి, హిందీ మీడియంలో చదివి, పరీక్ష రాసి పైకొచ్చాడు. ఒక ఉదయం, ఇంట్లో బాబాయ్ అని పిలిచే ఆ మనిషిని అందరి ముందూ నిలదీశాడు.

"ఈ వ్యాగన్ బ్రేకులు ముట్టుకోకండానే చూసినానని సంతకం పెట్టీసినావు. ఇది దొంగపని."

ముసలాయన అతని కాలరు పట్టుకున్నాడు.

పై అధికారి కాలరు పట్టుకుంటే ఉద్యోగం ఊడుతుంది. సూపర్‌వైజరు రాసిన ఫిర్యాదు నా బల్ల మీదికి వచ్చింది. సాయంత్రం టపాలో అది డివిజన్ ఆఫీసుకు వెళ్లిందంటే ఇక మా చేతుల్లో ఏమీ ఉండదు. యూనియన్ వాళ్లు కోర్టుకు వెళదామన్నారు. కోర్టులో తేలేసరికి ఆయన ఉంటాడో లేదో ఎవరికి తెలుసు? మధ్యాహ్నం భోజనానికి వెళితే, ఆయన భార్య మా క్వార్టర్ గుమ్మంలో కూలబడి ఉంది.

"ఏటి బాబూ, ముప్పై ఏళ్ల నౌకరీ ఒక్క కాలరుకి పోద్దా? నువ్వే ఏదోటి చెయ్యాల."

ఆమెను చూస్తే జాలేసింది. ఆయన మొండితనం తలుచుకుంటే ఒళ్లు మండింది. వెళ్లి సూపర్‌వైజరును బతిమాలాను.

"అచ్ఛా అంకుల్, మాఫీ రాసిమ్మనండి. ఫిర్యాదు వెనక్కి తీసుకుంటాను" అన్నాడు.

ముసలాయనకు హిందీ రాయడం రాదు. క్షమాపణ తెలుగులోనే రాసి, మడిచి, నా చేతిలో పెట్టాడు. దారిలో విప్పి చూశాను. అలాంటి కాగితం ఇస్తే ఉద్యోగం పోవడం ఖాయమనుకున్నాను.

సూపర్‌వైజరు దాన్ని అటూ ఇటూ తిప్పి నాకే ఇచ్చాడు. "మీరే చదవండి అంకుల్. నాకు తెలుగు చదవడం అంతగా రాదు."

నేను కాగితం ముందు పెట్టుకుని అందులో లేనివన్నీ చదివాను. బుద్ధి గడ్డి తిన్నదనీ, కాళ్లు పట్టుకుంటున్నాననీ, కొడుకులాంటివాడివి మన్నించమనీ.

"బాబాయ్ ఇలగ మాటాడడు" అని అతను కాగితం లాక్కున్నాడు. చిన్నప్పుడు వాళ్లమ్మ పలక మీద దిద్దించిన అక్షరాలే అతనికి వచ్చిన తెలుగు చదువు. వేలు పెట్టి, కూడబలుక్కుంటూ పైకి చదివాడు.

"కాలరు పట్టుకున్నాను. తప్పే. ఏ శిక్ష వేసినా పడతాను. కానీ దొంగపని అన్నావు. ఈ పని నాకు మీ నాయన నేర్పినాడు. బ్రేకు మీద చెయ్యెట్టకుండా సంతకం పెడితే నన్ను కొట్టీవోడు. దొంగపని చేసినానని ఒప్పుకుంటే ఆయన్ని అన్నట్టే. అది మాత్రం రాయలేను."

రెండుచోట్ల ఒత్తులు నేనే అందించాను. అతను నా వైపు చూడకుండా ఫిర్యాదు తీసి చింపేశాడు. లేచి, ఆ వ్యాగన్ దగ్గరికి వెళ్లి, కిందికి దూరి బ్రేకులన్నీ తానే చూసి వచ్చాడు. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఉదయం ఎంతమంది విన్నారో అంతమందినీ పిలిపించి, వాళ్ల ముందు ముసలాయన దగ్గరికి వెళ్లాడు.

"నానన్నది తప్పు బాబాయ్. రేపు డ్యూటీకి రా."

ముసలాయన చేతులు తుడుచుకున్నాడు.

"మీ నాయనుంటే నీకొకటి తగిలించీవోడు."

"ఇద్దరికీ తగిలించీవోడు."

నాకు మూడోది పడేది. ఆ మాట నేను పైకి అనలేదు.