రెండో ఇంట్లో తాళంచెవి

కోట గేటుకు ఒక చిన్న రేకు పలక వేలాడుతూ ఉండేది: ‘తాళంచెవి రెండో ఇంట్లో’. ఆ రెండో ఇల్లు మా అక్క ఎలునెడ్‌ది. మొదటిది నాది. పలక సరిగ్గా చదవకుండా నా తలుపు కొట్టినవాళ్ళకు ముప్ఫై ఏళ్ళ పాటు పక్కింటి వైపు వేలు చూపించాను. బాగా చదువుకున్నవాళ్ళే ఎక్కువగా తప్పు తలుపు కొట్టేవారు.

కోటనూ, ఎదురు గుట్ట మీద మూడు బండలపై ఒక పెద్ద బండ మోపి ఉన్న రాకాసిగూడునూ చూడటానికి వేల్స్ నలుమూలల నుంచీ, సముద్రం అవతలి నుంచీ జనం వచ్చేవారు. జానెడు పొడవున్న ఆ ఇనప తాళంచెవిని వాళ్ళు తిరిగి ఇచ్చేటప్పుడు అక్క వంటింట్లో కూర్చోబెట్టి, టీ, ఎండుద్రాక్షల రొట్టె పెట్టి, పుస్తకంలో పేరూ చిరునామా రాయించుకునేది. అప్పుడు కథ ఎత్తుకునేది.

“పడమటి గోడలో ఆ చిన్న కిటికీ చూశారా? అందులో ఒక పిల్ల కూర్చునేదట.”

అంతే. మా బావ ఇద్వల్ పేపరు మడిచి, టోపీ పెట్టుకుని, పెరట్లోని షెడ్డులోకి వెళ్ళిపోయేవాడు. బావ తాపీమేస్త్రి. ఆ కోట గోడల పగుళ్ళు పూడ్చిన చేతులు ఆయనవే. అది కిటికీ కాదనీ, పాతకాలపు దొరల మరుగుదొడ్డి కన్నమనీ ఆయనకు తెలుసు. నిజమే, ఎవరు కాదన్నారు? నిజం చెప్పడానికైనా సమయం సందర్భం ఉండొద్దూ.

ఒక ఆగస్టులో బస్సు నిండా టీచర్లు వచ్చారు. ఆ రోజు బావకు మోకాలి నొప్పి, కుర్చీలోంచి లేవలేకపోయాడు. అక్క కథ ఎత్తుకోగానే నోరు జారాడు.

“పిల్లా లేదు, గిల్లా లేదు. అది దొడ్డికి కూర్చునే చోటు. మా ఆవిడ ముప్ఫై ఏళ్ళుగా దాన్ని చూపించి జనం చేత కంటతడి పెట్టిస్తోంది.”

అందరూ పగలబడి నవ్వారు. అక్క కూడా నవ్వింది. టీ పోస్తున్న చెయ్యి మాత్రం ఆగిపోయింది. నేను గుమ్మంలోనే ఉన్నాను, చూశాను. మర్నాటి నుంచి తాళంచెవి ఇచ్చేది, పుచ్చుకునేది. కథ లేదు. ఫిబ్రవరిలో గుండె ఆగి అక్క పోయింది. ఆ ఆగస్టు రోజునే బావను నాలుగు దులిపి ఉండాల్సింది. దులపలేదు. ఆ తప్పు నాది.

వేసవికి కోట బాగోగులు చూసే ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. కోటలో కొత్త బోర్డు పెడుతున్నారట. ఎలునెడ్ గారు చెప్పే కథను ఆమె పేరుతో దాని మీద వేస్తారట, రాసి పంపమన్నారు. బావ ఆ కాగితం పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. చొక్కా గుండీలు ఒకదానికొకటి తప్పి ఉన్నాయి.

“లోవ్రీ, ఆ కథ చివర ఏమవుతుంది?”

“నన్నడుగుతావేం బావా? కథ మొదలయ్యేసరికి నేను ఊళ్ళో నా కొట్టు తెరవడానికి పోయేదాన్ని. ఇంట్లో ఉన్నది నువ్వు.”

“నేను షెడ్డులో ఉన్నాను.”

“అవును. ముప్ఫై ఏళ్ళూ.”

గుచ్చుకోవాలనే అన్నాను. గుచ్చుకుంది.

బావ పుస్తకంలోని చిరునామాలకు ఉత్తరాలు రాశాడు. తొమ్మిది జవాబులు వచ్చాయి. అన్నిట్లోనూ ఇంచుమించు ఒకటే కథ. కోటకు రాళ్ళు మోసే ఒకతను రోజూ సాయంత్రం రాకాసిగూడు దగ్గర మంట వేస్తాడు. అది చూసి ఆ పిల్ల కిటికీలో దీపం పెడుతుంది. ఒకరోజు అటువైపు మంట కనబడదు. పిల్ల దీపం చేత్తో పట్టుకుని మెట్లు దిగుతుంది. ఆ తర్వాత ఏమయిందో ఎవరికీ గుర్తు లేదు. ఇద్దరు మాత్రం అప్పటికే బస్సు వేళయి లేచి వచ్చేశామని రాశారు. ముగింపు లేకుండా ఏం పంపిస్తానని బావ కాగితాలు పక్కన పెట్టేశాడు.

సెప్టెంబరులో పదో మనిషి జవాబు రాయకుండా తనే వచ్చింది. పేరు కెరిస్, నలభై ఏళ్ళుంటాయి. పదేళ్ళప్పుడు తల్లితో వచ్చి ఆ కథ విన్నదట. బావ ఆమెకు కుర్చీ లాగి వేసి, టీ తనే కాచాడు. నీళ్ళలా ఉంది. ఆమె చివరి చుక్క దాకా తాగింది.

“మెట్లు దిగింది. తర్వాత?” అన్నాడు బావ.

“తర్వాత లేదండీ. నాకు బాగా గుర్తు, చెప్పమని ఏడ్చాను కూడా. ఆవిడ పెరటి తలుపు వైపు చూసి, ‘మిగతాది మా ఆయన చెప్పాలమ్మా. రాళ్ళ పని ఆయనది, అతనేమయ్యాడో ఆయనకే తెలియాలి. ఉండు, వచ్చేస్తాడు’ అంది. మాకు ఇంకో కప్పు పోసింది. మేము చాలాసేపు కూర్చున్నాం. మీరు రాలేదు.”

బావ బల్ల మీది రొట్టె పొడిని వేలితో ఒకచోటికి చేరుస్తూ ఉండిపోయాడు. ఏడాదిగా ఆయన మీద పెట్టుకున్న కోపం నాలో ఎంత వెతికినా దొరకలేదు. ఏడుపు వచ్చింది, ఆపుకోలేదు. కెరిస్ మా ఇద్దరినీ చూసి, ఏదో పాడుచేసినదానిలా క్షమించమంది.

బోర్డు వచ్చింది. కథ మెట్ల దగ్గరే ఆగింది. కింద అక్క పేరు ఉంది. తాళంచెవి ఇప్పుడు బావ దగ్గర ఉంటోంది. వచ్చినవాళ్ళకు టీ ఇచ్చి కథ చెబుతాడు. మరుగుదొడ్డి ఊసెత్తడు.

మొన్న ఒకావిడ ఊరుకోలేదు. “దీపం పట్టుకుని వెళ్ళింది కదా, అతను కనబడ్డాడా?” అని అడిగింది.

“అతను దగ్గర్లోనే ఉన్నాడమ్మా. పిలిస్తే వినబడేంత దూరంలో,” అన్నాడు బావ. “రాలేదు.”

టోపీ తీసుకుని షెడ్డు వైపు వెళ్ళిపోయాడు. నేను ఆవిడకు ఇంకో కప్పు పోశాను.