అడుగున ఉండాల్సిన నియమం

దీనమ్మ రోజూ పొద్దున్నే కాఫీ అయినా పెట్టుకోకముందు, కంప్యూటర్ మీద కప్పిన లేసు గుడ్డ తీసి దులిపి, నాలుగు మడతలు పెడుతుంది. రాజోలులో ఆమె పాఠాలు చెప్పిన ప్రైవేటు స్కూలు మూతపడ్డాక, ఇంట్లోంచే పాఠ్యపుస్తకాల అచ్చుతప్పులు దిద్దే పని దొరికింది. అది నిలవకపోతే మోకాళ్ళ నొప్పితో రోజూ సఖినేటిపల్లి రేవులో పంటెక్కి గోదావరి దాటి, నర్సాపురం స్కూలుకి పోవాలి. పని ఖాయం కావాలంటే ఆ శుక్రవారం పదకొండింటిలోగా చివరి పాఠం ఆఫీసు సైట్లో ఎక్కించాలి.

ఆ సైటు మామూలు నెట్‌లో తెరుచుకోదు. ప్రాక్సీ సర్వర్ అనే ఆఫీసువాళ్ళ కంప్యూటర్ మీదుగానే వెళ్ళాలి. అలాగని మిగతా సైట్లు కూడా దాని మీదుగా చూస్తే ఊరుకోరు. ఏది ఏ దారిన పోవాలో నియమాలు రాసుకునే ప్రోగ్రాం ఒకటి పెట్టుకోమన్నారు. ముందురోజు సాయంత్రం దీనమ్మ కళ్ళజోడు సవరించుకుంటూ రెండు నియమాలు ఎక్కించింది. ఆఫీసు సైటు ప్రాక్సీ మీదుగా, దాని కింద, మిగతావన్నీ నేరుగా.

పొద్దున సైటు తెరవబోతే, 'అనుమతి లేదు'.

పదిన్నరకి ఆఫీసు సహాయ విభాగానికి ఫోన్ చేసింది. చిట్టి అనే అమ్మాయి ఎత్తింది.

"ఒకసారి ఆపి ఆన్ చేసేరాండీ?"

"నాలుగుసార్లు చేసేనమ్మా. ఇంకోసారి చేస్తే అదే నాకు దణ్ణం పెట్టేస్తుంది."

"పోనీ నియమాలు పైనుంచి చదవండి."

"మొదటిది, మిగతావన్నీ నేరుగా..." దీనమ్మ ఆగిపోయింది. తను రాసింది అలా కాదు. "ఏవండీ! దీన్ని ముట్టుకున్నారా?"

చర్చి పెద్దల్లో ఒకడైన ఆమె భర్త దేవదానం పేపరు పక్కన పెట్టాడు. "ఆయ్. రాత్రి నువ్వు వంటింట్లో ఉన్నప్పుడు సర్దేను. అందరికీ సంబంధించింది అడుగున పడుంటే ఏం మర్యాద? పెళ్ళికార్డులో పెద్దవాళ్ళ పేర్లు పైనేగా వేస్తాం?"

"ఇది పెళ్ళికార్డు కాదండీ, మహానుభావా!"

ఫోన్లో చిట్టి నవ్వు ఆపుకోలేకపోయింది. "అది పైనుంచి చదువుకుంటూ వస్తుందండీ. మొదట కుదిరినదాని దగ్గరే ఆగిపోతుంది, కిందవి చూడదు. మన ఆఫీసు సైటు కూడా ఆ 'అన్నీ'లోకే పోయింది."

దీనమ్మ పళ్ళు కొరుకుతూ ఆ నియమాన్ని కిందికి లాగింది. సైటు తెరుచుకుంది. పదకొండుకి నాలుగు నిమిషాలుండగా పాఠం ఎక్కింది.

"అయితే పెద్దరికానికి విలువ లేదన్నమాట," అన్నాడు దేవదానం.

"ఇవ్వాళ టిఫిన్ కూడా లేదు. అవతలికి నడవండి!"

పని ఖాయమైంది. దీనమ్మ ఇప్పుడు వారానికి ఐదు రోజులు ఇంట్లోనే పని చేస్తుంది. ప్రస్తుతం ఏడో తరగతి సాంఘికశాస్త్రం దిద్దుతోంది.