దువ్వెన కాడ

పాత కంప్యూటర్లు బాగుచేసే ఆ మెకానిక్‌ను అందరూ చిటపట అనేవారు. పలకరిస్తే కరుస్తాడు మరి. షాపులో రెండో బల్ల బామ్మర్దిది. ఇద్దరికీ ఉప్పూ నిప్పూ.

ఆనాటి ఇంటి కంప్యూటర్లలో ఒకే ఒక క్రిస్టల్ గుండెలా కొట్టుకుంటుంది. ఆ లయనే భాగించి లెక్కలకూ, టీవీ మీద గీతలకూ, రంగులకూ పంచుతారు. లయ వెంట్రుకవాసి తప్పినా టీవీ రంగుల్ని ఒప్పుకోదు, బొమ్మ నలుపూ తెలుపూ అయిపోతుంది. పక్కనున్న చిన్న స్క్రూను సరిగ్గా తిప్పితే రంగు నిలుస్తుంది. ఆ విద్య చిటపట ఒక్కడిదే. అందుకే షాపులో అతని మాటే చెల్లేది. తిప్పేటప్పుడు మాత్రం గుప్పిట్లో ఏదో దాచుకుని బామ్మర్దికి వీపు చూపించేవాడు, ఇరవై ఏళ్లుగా.

ఈ ఏడు అతని చెయ్యి వణకడం మొదలైంది. పాత వస్తువులు సేకరించే ఆసామి ఒకాయన పది కంప్యూటర్లు తెచ్చి, "ముందు ఒకటి రంగుల్లో చూపించండి. ఎవరు చూపిస్తే మిగతా తొమ్మిదీ వాళ్లకే," అన్నాడు. చిటపట అరగంట తంటాలు పడ్డాడు. రంగు రాలేదు.

"జరుగు బావా," అంటూ బామ్మర్ది ఉక్కు స్క్రూడ్రైవర్ పెట్టి తిప్పాడు. రంగులొచ్చాయి. తీశాడు, పోయాయి. మళ్లీ పెడితే వచ్చాయి, తీస్తే పోయాయి.

చిటపట పగలబడి నవ్వాడు. "అలాగే పట్టుకుని కూర్చో. కంప్యూటర్‌తో పాటు నిన్నూ ఆయనింటికి పంపిద్దాం."

అప్పుడే క్యారేజీ తెచ్చిన చిటపట భార్యకు ఆ నవ్వు చూసి ఒళ్లు మండింది. సంచిలోంచి ప్లాస్టిక్ దువ్వెన తీసి కాడ విరిచింది. దాని కొసను గచ్చు మీద స్క్రూడ్రైవర్ మొనలా అరగదీసి తమ్ముడి చేతిలో పెట్టింది.

"ఉక్కు దగ్గరుంటే చాలు, ఆ లయ మారిపోతుందిరా. దీంతో తిప్పు. అది నీకు ఈ జన్మలో తట్టదని మీ బావ ఇంట్లో పడీపడీ నవ్వేవాడు."

"నోర్ముయ్!" అని అరిచాడు చిటపట.

"ఇరవై ఏళ్లు మూసుకున్నాను, చాలు."

బామ్మర్ది తిప్పాడు. రంగులొచ్చాయి. కాడ తీశాడు. నిలిచాయి. ఆసామి తొమ్మిది కంప్యూటర్లనూ అతని బల్ల మీదే పెట్టించాడు.

చిటపటకు కోపమొచ్చింది. అంతకంటే ఎక్కువగా భయమేసింది. ఈ వణికే చేత్తో ఇక తను దేనికి పనికొస్తాడు? కనీసం తప్పు చేస్తే ఎత్తిపొడుద్దామని కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. రెండో కంప్యూటర్ మూత తీసిన బామ్మర్ది, కాడను గుప్పిట్లో దాచుకుని, అతనికి వీపు తిప్పి కూర్చున్నాడు.