దసరాకి పూసిన వెండి రంగు

నా చిన్నప్పుడు దసరాకి వారం ముందు నుంచే మా ఇల్లంతా వెండి రంగు వాసన వేసేది. బెంగళూరులో ఉన్నా మాటంతా అనంతపురం వైపుదే మాకు. మా నాన్నకి ఒక డీజిల్ వ్యాను ఉండేది. దొడ్డబళ్ళాపురం మగ్గాల దగ్గర చీరల మూటలు ఎక్కించుకుని నగర్తపేట అంగళ్ళలో దించడం ఆయన పని. ఆయుధపూజకి బండికి వెండి రంగు కొట్టి, అరటి పిలకలు కట్టి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి, బూడిద గుమ్మడికాయ పగలగొడితే తప్ప అది ఏడాదంతా మాట వినదని మా వీధిలో అందరి నమ్మకం.

ఆ ఏడు నాకు తొమ్మిదేళ్ళు. చక్రాల నట్లకి రంగు వేయమని నాన్న నాకొక బ్రష్షు, డబ్బా అడుగున మిగిలిన రంగు ఇచ్చాడు. నట్లు అయిపోయినా రంగు మిగిలింది. కుంకుమ పెట్టడానికి బానెట్ ఎత్తి ఉంది. లోపల ఫ్యాను ముందు, సరిగ్గా మధ్యలో, జిలేబీలా చుట్టిన చిన్న రేకు ఒకటి కనిపించింది. అంత ముచ్చటైన వస్తువు అలా నల్లగా ఉండటం నాకు నచ్చలేదు. చెయ్యి దూర్చి, సందుల్లోకి కూడా దిగేలా రెండు పూతలు వేశాను. ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

తర్వాత బండి కాగడం మొదలైంది. నీళ్ళు బుసబుస పొంగేవి. ఒక మెకానిక్కు రేడియేటర్ మూత మార్చాడు. ఇంకొకడు రేడియేటరే ఇప్పి కడిగాడు. మూడోవాడు ఇంజనే పోయిందని, అమ్మేసుకోవడం మేలని తేల్చేశాడు. వచ్చే ఆదివారం బండి తీసుకుపోతానని హొసకోటె నుంచి ఒకాయన కబురు పెట్టాడు. వ్యాను పోతే నాన్న మళ్ళీ ఎవరిదో లారీ ఎక్కాలి. నేను పుట్టకముందు ఆయన లారీ మీదే ఉండేవాడట, నెలకి రెండుసార్లు ఇంటి మొహం చూసేవాడట. 

శనివారం ఆఖరి లోడుకి నాన్న నన్నూ వెంట తీసుకెళ్ళాడు. దారి పొడవునా ఇంజన్ వేడి చూపించే ముల్లు మధ్యలోనే ఉంది. నగర్తపేట సందులో ఒక తోపుడు బండి వెనక పది నిమిషాలు నిలబడేసరికి ఆవిరి లేచింది. చీరల అంగడాయన జాలిపడి, పక్క సందులో ఉన్న ముసలి మేస్త్రికి ఒకసారి చూపించమన్నాడు.

ఆ మేస్త్రి బానెట్ జోలికే పోలేదు. బోర్లించిన డబ్బా మీద కూర్చుని, "ఎప్పుడు కాగతాదప్పా, పోయేటప్పుడా, నిలబడినప్పుడా?" అని అడిగాడు. నాన్న ఆలోచనలో పడ్డాడు. నేను ఊరుకోలేక, "నిలబడినప్పుడే తాతా. రోడ్డెక్కితే సల్లబడతాది" అన్నాను. పెద్దవాళ్ళ మాటల్లో దూరినందుకు తిట్లు పడతాయనుకున్నాను. ఆయన మాత్రం నా చేతిలో ఉన్న నోటు పుస్తకంలోంచి ఒక కాగితం అడిగి తీసుకున్నాడు. ఇంజన్ నడుస్తుండగా దాన్ని బండి ముందు జాలీకి ఆనించి వదిలాడు. కాగితం జారి కింద పడింది.

"రోడ్డు మింద గాలి దానంతట అదే వస్తాది. నిలబడినప్పుడు ఫ్యానే దాన్ని లాగల్ల. నీ ఫ్యాను లాగడంలే. సుమ్నే, ఊరికే, ఇంజన్ని ఆడిపోసుకుంటుండావు" అన్నాడు. తర్వాత ఇంకొక్క మాట అడిగాడు, ఎప్పటినుంచి ఇలా ఉందని.

"దసరా అయినప్పట్నించి అన్నా" అన్నాడు నాన్న.

దసరా అనగానే నాకు నేను వేసిన ఆ రెండు పూతలు గుర్తొచ్చాయి. బండి చల్లారాక మేస్త్రి ఫ్యానునీ, దాని వెనక ఉన్న గుండ్రటి డబ్బానీ ఇప్పి బయటికి తీశాడు. దాన్ని ఫ్యాన్ క్లచ్ అంటారని అప్పుడే విన్నాను. ఇంజన్ చల్లగా ఉన్నంతసేపూ అది పట్టు వదిలేసి ఫ్యానుని బద్ధకంగా తిరగనిస్తుంది. వేడెక్కితే ముందున్న ఆ జిలేబీ చుట్ట కదిలి, లోపలి నూనెకి దారి ఇస్తుంది. అప్పుడు క్లచ్ ఫ్యానుని గట్టిగా పట్టుకుని తిప్పుతుంది. ఆయన చుట్టని వేడి నీళ్ళలో ముంచి చూశాడు. కదల్లేదు. వెండి రంగు దాని సందులన్నీ అతికించేసింది. ఆయన ఆ చుట్ట వైపు చూశాడు, చక్రాల వైపు చూశాడు. నట్లు దాటి టైరు మీదికి కారిన ఆ రంగు పెద్దవాళ్ళ చేతి పని కాదని ఎవరికైనా తెలుస్తుంది. ఆ తర్వాత నా వైపు చూశాడు.

"పోయి టీ చెప్పి రాప్పా" అని నాన్నని పంపించాడు. నా చేతికి ఒక పాత పళ్ళ బ్రష్షు, చిన్న గిన్నెలో థిన్నరు ఇచ్చాడు. "సందుల్లో నిదానంగా అమ్మణ్ణీ. వంచితే చుట్ట చెడిపోతాది" అన్నాడు.  అరగంట తోమాను. కళ్ళు మండాయి, అది థిన్నరు వల్లేనని నాకు నేను చెప్పుకున్నాను. మళ్ళీ వేడి నీళ్ళలో ముంచినప్పుడు చుట్ట మెల్లగా, గోరంత మేర తిరిగింది. అన్నీ బిగించి, ఇంజన్ వేడెక్కాక జాలీకి అదే కాగితం ఆనించమని నాకిచ్చాడు. చెయ్యి తీశాను. కాగితం అతుక్కునే ఉంది.

"బండి చెడిపోలేదప్పా, ముస్తాబు ఎక్కువైంది" అన్నాడు నాన్నతో. నాన్న నవ్వాడు గానీ ఏమీ అడగలేదు. హొసకోటె ఆయనకి రావద్దని కబురు వెళ్ళింది. నేను ఇంట్లో చెప్పలేదు. రోజూ చెబుదామనుకుని వాయిదా వేస్తూ, నాన్నకి తెలియదులే అని ఏడాదంతా ధైర్యంగా బతికాను.

మరుసటి దసరాకి నాన్న రంగు డబ్బా, బ్రష్షు మళ్ళీ నా చేతికే ఇచ్చాడు. నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగి, "ఆ చుట్ట ఒక్కటి ఇడిసిపెట్టు పాపా" అని తన పనిలో పడ్డాడు.

తర్వాత నేను బట్టలు కుట్టే ఒక ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్ళు సూపర్‌వైజర్‌గా పనిచేశాను. ఎక్కడ ఏది చెడినా ఎవరు చేశారని అడగలేదు. ఎప్పటినుంచి అని అడిగేదాన్ని. చేసిన మనిషి ముఖంలో తెలిసిపోయేది. ఆ పనిని ఆ మనిషి చేతే సరిచేయించి, మరునాడు అదే మిషన్ మీద కూర్చోబెట్టేదాన్ని. మెతక మనిషినని వెనక అనుకునేవాళ్ళు. అననీ. పదేళ్ళప్పుడు ఆ రంగు బ్రష్షు రెండోసారి నా చేతికే వచ్చింది.