శనివారం చెట్టెక్కినవాళ్ళు

ఆ వేసవి నాకు ఇప్పటికీ కలలాగే గుర్తొస్తుంది. అర్ధవీడు వైపు కొండలు ఎండకు కరిగి గాలిలో తేలుతున్నట్టుండేవి. శనివారం సాయంత్రాలు రాములవారి గుడిలో నేను భజన చేయించేవాణ్ణి. నా మాట మీదే ఊళ్ళో చాలామంది ఆ రోజు ఒక్కపొద్దు ఉండేవారు. పగలంతా నీళ్ళు కూడా ముట్టకూడదని చెప్పింది నేనే.

ఒక శుక్రవారం ఆరోగ్య కేంద్రం నర్సమ్మ గుడి అరుగు మీదికి నోటుబుక్కు తెచ్చింది. మేకలకు మండలు కొట్టబోయి చెట్ల మీది నుంచి పడ్డవాళ్ళ వివరాలు రాసుకుంది అందులో. ఎవరు, ఏ చెట్టు, ఏ తేదీ.

"ఎందుకు పడతాండారో తెలిస్తే కదన్నా ఆపేది. అందరూ నీ భజనోళ్ళే. నీకేమన్నా తోస్తాదేమో చూడు."

నాకు తోచింది గ్రహదోషం. పంచాంగం తెరిచి, ఒక్కో తేదీ పక్కన తిథి, నక్షత్రం, వారం రాసుకుంటూ పోయాను. తిథులు కలవలేదు. నక్షత్రాలూ కలవలేదు. శనివారం. దాని కింద శనివారం. ఒక మంగళవారం, మళ్ళీ శనివారం. వేపపూలు ఒక్కొక్కటిగా కాగితం మీద రాలుతున్నాయి. తండ్రీ, నీ పేరు చెప్పి వీళ్ళను ఎండుగొంతులతో చెట్లెక్కించింది నేనా అనుకున్నాను.

చివరి పేరు మా మేనమామది. విరిగిన చెయ్యి అప్పుడప్పుడే అతుక్కుంది. తెల్లారితే శనివారం. నేరుగా ఆయన మేకల దొడ్డికి పోయాను.

"మామా, రేపు చెట్టెక్కొద్దు."

"మేకలకేం పెట్టమంటావు అల్లుడూ, నీ భజన తాళాలా?"

"పోనీ, ఒక్కపొద్దు మానుకో."

ఆయన నవ్వు ఆగిపోయింది. "నువ్వే కదరా పట్టించినావు. చెయ్యి విరిగితే అతుక్కుంటాది. దేవునికిచ్చిన మాట అతుక్కుంటాదా?"

మేకల నెమరు వింటూ కూర్చున్నాను. దూరంగా కొండలు నీలంగా ఊగుతున్నాయి.

"ఒక్కపొద్దు నోటికే కాదు మామా, కొడవలికి కూడా," అన్నాను చివరికి. "రేపటి మండలు ఇప్పుడే కొట్టుకుందాం పా. అన్నం తిన్నావు కదా?"

"తిన్నాలే. ఏ శాస్త్రంలో ఉందిరా ఇది?"

"నర్సమ్మ పుస్తకంలో."

ఆయన పకపకా నవ్వి లేచినాడు. ఆ సాయంత్రం మామ చెట్టెక్కి మండలు కొడుతుంటే నేను కింద నిలబడ్డాను. పైనుంచి ఆకుల వెలుతురు మెల్లగా నా మీదికి దిగుతూనే ఉంది.

మర్నాడు భజనలో ఆ మాటే అందరికీ చెప్పాను. నీళ్ళు తాగమని కూడా చెప్పాను. మామ తాళం వేస్తున్నాడు, రెండు చేతులతో.